జీర పోయిన ఆదివారం

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఉన్నది ఆరుగురు. బొటనవేలి కణుపు వాచి, ఆ సంగతి ఎవరి కంటా పడలేదనుకుంటున్న గిటారు మేస్త్రి ఒతసీలియో. రేడియోలో చర్చి పూజ మొదలయ్యేలోగా చేపలు వేయించెయ్యాలని హడావిడి పడుతున్న ఆయన భార్య ఫిలొమేన. నలభై ఏళ్ల కింద ఆ ఇంటి యాంప్లిఫయరును తన చేత్తో కట్టి, అప్పట్నుంచీ ప్రతి ఆదివారం దాన్ని కళ్లారా చూసుకోవడానికి వచ్చే రేడియో మెకానిక్ వాందిక్. జన్మలో ఒక్క తీగ మీటకపోయినా ఏ గిటారు ఏ సంవత్సరం పుట్టిందో చెప్పేసే నజరేను. అద్దం ముందు జుట్టు దువ్వుకుంటున్న మనవడు ఎడినెల్సన్. వీళ్లందరికీ కాఫీ పోస్తున్న మనవరాలు జనైర. తాత లెక్కలో అయితే ఏడుగురు. ఆయన యాంప్లిఫయరును కూడా మనిషి కిందే కట్టేవాడు.

జనైరకు పదిహేనేళ్లు. నలుగురిలో నోరు విప్పాల్సి వస్తే ముందు చెవులు ఎర్రబడేవి, తర్వాత మాట గొంతులోనే కూర్చునేది. అందుకే చెప్పాలనుకున్నవన్నీ నోటుబుక్కులో రాసుకునేది. ఆ వారమంతా ఒకే వాక్యం రాసింది. సోమవారం అది సగం పేజీ ఉంది. రోజుకింత కొట్టేస్తూ పోతే శనివారానికి నాలుగు మాటలు మిగిలాయి: "తాతా, శనివారం నేను వాయిస్తా." కాఫీ చల్లారేలోగా ఆ నాలుగు మాటలూ పైకి అనెయ్యాలన్నదే ఆ పొద్దుటి పథకం.

వచ్చే శనివారం పునీత పేతురు పండుగ. పేతురు విగ్రహాన్ని పడవ ఎక్కించి ఏటి మీద ఊరేగిస్తారు. ముప్పై పడవలు వెనక వస్తాయి. మొదటి పడవలో కుర్చీ వేసుకుని మేస్త్రి గిటారు వాయించాలి. అది లేకపోతే ఊరేగింపు కదలదు. ఆయన ఎంత దాచినా, ఈ ఏడాది ఆ వేలు సహకరించదని అందరికీ తెలుసు కాబట్టి కుర్చీ ఎవరికివ్వాలో ఆ రోజు తేల్చుకోవాలి. తేల్చుకోవడమంటే ఎడినెల్సన్ పేరు పలికి చేపలు తినడమే. అతని దగ్గర కాలితో నొక్కితే ఎనభై రకాల మోతలు మోగే పెట్టె ఉంది. జనైర దగ్గర నాలుగేళ్ల మధ్యాహ్నాలు ఉన్నాయి. తాత కునుకు తీసేటప్పుడల్లా ఆ ఎర్ర గిటారును కరెంటు తగిలించకుండా, చీమకు కూడా వినపడకుండా వాయించుకుంటూ ఆయన పాటలన్నీ వేళ్లకెక్కించుకుంది.

కాఫీ పోస్తూ "తాతా" అంది.

"పంచదార వద్దు" అన్నాడు తాత.

మిగతా మూడు మాటలూ కాఫీ గిన్నెతో పాటు వంటింట్లోకి వెనక్కి వెళ్లాయి.

ముందుగదిలో ఎప్పటి పేచీయే నడుస్తోంది. మేస్త్రి గిటారుకు ఒక జీర ఉంది. రాత్రంతా పాడిన మనిషి గొంతులా తీగ చివర గరగరమంటుంది. ఏటికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా అలాంటి జీర ఇంకొకటి లేదు. అది ఎక్కడి నుంచి వస్తుందన్నది ముప్పై ఏళ్లుగా తేలలేదు.

"యాంప్లిఫయరులో వాల్వు బావా, వాల్వు" అన్నాడు వాందిక్. "అరవై నాలుగు నాటి హంగేరీ సరుకు. మునిగిన ఓడ రేడియోలోంచి పీకి తెచ్చా. అందులో సముద్రం ఉంది."

"నీ మొహంలో ఉంది సముద్రం. కర్రయ్యా అది, దేవదారు. అరవై ఏడులో సావోపావ్లోలో ఆ ఎర్ర రంగు ఎనిమిది నెలలే వేశారు. ఆ కర్ర ఎండేకొద్దీ ఏడుస్తుంది" అన్నాడు నజరేను.

"మరి కమెతా ఊరి ఎడమచేతి ఒస్వాల్దీర్ దగ్గరా అదే ఎర్ర గిటారు ఉండేదిగా. జీర ఏదీ?"

"వాడు దాన్ని ఎండలో పెట్టేవాడు. అది వేరే ఏడుపు."

తాత కుడిచెయ్యి జేబులో దాచుకుని, "వేలురా" అని ముక్తసరిగా అన్నాడు. "జీర వేలిలో ఉంటుంది."

జనైర ఆ వాదన వింటూ యాంప్లిఫయరు దుమ్ము తుడవడానికి దుప్పటి వెనక్కి వెళ్లింది. ఊయల కట్టే కొక్కేలకు అడ్డంగా ఆ దుప్పటి కట్టడం ఆదివారాల ఆచారం. ఒకరు దాని వెనక వాయిస్తారు. మిగతావాళ్లు కళ్లకు తువ్వాళ్లు కట్టుకుని విని ఏ గిటారో, ఏ వాల్వో, ఎవరి చెయ్యో చెప్పాలి. తొంగిచూసే బుద్ధి అందరికీ ఉంది కాబట్టి దుప్పటి ఒక్కటే చాలదని తువ్వాళ్లు కూడా పెట్టారు. గోడ మీద బొగ్గుతో తాతే రాశాడు: "గంతలు కట్టుకుని చెప్పిన తీర్పుకు తిరుగులేదు."

యాంప్లిఫయరు వెనక పక్క చూసిన జనైర చేతిలో గుడ్డ ఆగిపోయింది. స్పీకరు కాగితానికి జానెడు పొడుగున తెల్లటి పట్టీ అతికించి ఉంది. ఇంకా తడి ఆరలేదు. ఆమె వంటింట్లోకి పరిగెత్తింది.

"మామ్మా, స్పీకరుకు ఏం చేశావు?"

"బాగుచేశా" అంది ఫిలొమేన చేప తిరగేస్తూ. "తెల్లారి దాన్ని గోడ దగ్గర్నుంచి జరిపి ఊడుస్తుంటే చూశా, ఇంత చిరుగు. పిల్లి గీరుంటుంది. కర్రపెండలం గంజి కాచి పట్టీ వేశా. ఏం, సరిగా కూర్చోలేదా?"

చక్కగా కూర్చుంది. అదే చిక్కు. జనైర వెనక్కి వచ్చి గిటారు తగిలించి, చప్పుడు గుండీ సగం తిప్పి, తీగను మెల్లగా మీటింది. మోత కడిగిన గ్లాసులా వచ్చింది. జీర లేదు. హంగేరీ వాల్వు అక్కడే ఉంది, ఎర్ర కర్ర ఒళ్లోనే ఉంది, జీర మాత్రం గంజి కింద సమాధి అయింది.

పట్టీ పీకేస్తే సరిపోతుందనుకుంది. తడి కాగితం తడి కాగితంతోనే పోతుంది. పట్టీతో పాటు స్పీకరు నడుమంతా ఊడి చేతిలోకొచ్చింది. పిడికిలి పట్టే కన్నం పడింది. మళ్లీ మీటితే కప్ప తేన్చినట్టు ఒక చప్పుడు వచ్చి ఆగిపోయింది.

"ఏంటా చప్పుడు?" అన్నాడు ముందు నుంచి నజరేను.

"యాంప్లిఫయరు గొంతు సవరించుకుంటోంది" అన్నాడు వాందిక్ గర్వంగా.

చెప్పేస్తే ఏమవుతుందో జనైరకు తెలుసు. చిరుగు ముందే ఉందంటే ఎవరూ వినరు, కన్నం మాత్రం ఎవరు చేశారో అందరికీ కనిపిస్తుంది. శనివారం కుర్చీ సంగతి దేవుడెరుగు, ఇక ఆ దుప్పటి దగ్గరికే రానివ్వరు. ఏడుపు రాబోయింది గానీ దాని కన్నా ముందు కోపం వచ్చింది. నాలుగేళ్లు చీమకు వినపడకుండా వాయించింది కప్ప తేన్పు వినడానికి కాదు. మామ్మ పొయ్యి వైపు తిరిగి ఉండగా వంటింటి కిటికీలోని ఆమె రేడియోను ఎత్తుకొచ్చేసింది. అదీ వాందిక్ కట్టిందే. లోపల ఇరవై ఏళ్ల చేపల నూనె, పిండి దుమ్ము పట్టిన చిన్న స్పీకరు. కన్నం పడ్డ స్పీకరుకు ఉన్న రెండు తీగలూ ఊడదీసి, వాందిక్ చేసేటట్టే పళ్లతో కొసలు గీకి, రేడియో స్పీకరుకు మెలేసింది.

అప్పుడే దుప్పటి అవతల బల్ల కిర్రుమంది.

"మేస్త్రీ, కూర్చున్నావుగా" అన్నాడు వాందిక్. "మేం గంతలు కట్టేశాం. మొదట నువ్వు వాయించు, పోలిక కోసం. తర్వాత కుర్రాడు."

తాత అక్కడ లేడు. ఎవరూ చూడకుండా పెరట్లో వేడి ఉప్పునీళ్లలో వేలు ముంచుకుని కూర్చున్నాడు. ఆ సంగతి గంతలు కట్టుకున్న ఇద్దరికీ తెలియదు. ఊరుకుంటే దుప్పటి తీస్తారు. పారిపోదామంటే మెడలో గిటారు ఉంది, దాన్ని యాంప్లిఫయరుకు కలిపే పదిహేను గజాల తీగ ఉంది. పడవ ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ వాయించడానికి తాత ప్రత్యేకం చేయించుకున్న తీగ అది. రోజూ మామ్మ దాన్ని తన్నుకుని పడుతూ ఉంటుంది.

"మేస్త్రీ, నిద్రపోయావా?"

ఆమె వాయించింది. ఊరేగింపు పడవ రేవు వదిలేటప్పుడు తాత వాయించే పాటే అందుకుంది. రేడియో స్పీకరు తనకు మించిన బరువు మోస్తున్న కూలీలా మూలిగింది. ఆ మూలుగు తీగ చివర గరగరమంది. రెండో చరణానికి ఆమె చెవుల ఎరుపు తగ్గింది. మూడో చరణంలో తాత ఎప్పుడూ ఒక స్వరం ఆలస్యంగా వదిలి, విన్నవాళ్లు పడిపోయారనుకునేలోగా పట్టుకుంటాడు. ఆమె ఇంకాస్త ఆలస్యంగా పట్టుకుంది.

పాట ఆగింది.

"విన్నావా నా వాల్వు" అన్నాడు వాందిక్, తువ్వాలును కళ్లకేసి ఒత్తుకుంటూ.

"కర్ర" అన్నాడు నజరేను, తనూ తువ్వాలు ఒత్తుకుంటూ. "అయినా వాల్వూ కర్రా పక్కన పెట్టు. ఈ చెయ్యి చూడు. వేలు వాచిందట, కుర్చీ దిగుతాడట. ఏం నాటకం ఇది మేస్త్రీ? పడుచు చెయ్యిలా ఉంది. ఎడినెల్సన్ ఇంకో ఇరవై ఏళ్లు దువ్వుకున్నా ఈ స్వరం పట్టలేడు. ఇదే నా తీర్పు. శనివారం పడవలో ఈ చెయ్యే ఉండాలి. వేరే చెయ్యి పెడితే పేతురు పడవ దిగి నీళ్ల మీద నడిచి వెళ్లిపోతాడు."

"నా తీర్పూ అదే" అన్నాడు వాందిక్.

"ఎవర్రా అది నా పాట వాయించింది?" అని పెరటి గుమ్మంలోంచి తాత గొంతు వినిపించింది.

గంతలు కట్టుకున్న రెండు మొహాలూ ఒకటి దుప్పటి వైపు, ఒకటి పెరటి వైపు తిరిగి, ఒకదానికొకటి గుద్దుకున్నాయి. వాందిక్ తువ్వాలు పీకేసి దుప్పటి లాగాడు. ముక్కాలిపీట మీద జనైర, మెడలో ఎర్ర గిటారు, కాళ్ల దగ్గర రేడియో.

వాందిక్ మొహం వెలిగింది. "రేడియో" అన్నాడు. "రేడియోరా. ఏదో స్టేషన్లో మేస్త్రి పాత పాట వేశారు. పిల్ల గిటారు ఒళ్లో పెట్టుకుని వేళ్లాడించింది, అంతే."

"నేనూ అదే అన్నా" అన్నాడు నజరేను.

"నువ్వేం అన్లేదు."

"అనబోయా."

జనైర నోరు తెరిచేలోగా అట్లకాడతో ఫిలొమేన వచ్చింది. "నా రేడియో ఎవరు తీశారు? అక్కడ పూజ సగమైపోయుంటుంది."

"ఒక్క నిమిషం వదినా" అన్నాడు వాందిక్. "ఇప్పుడు ఇందులో ఏం పాట వచ్చింది?"

ఫిలొమేన వంగి నేల మీద పడి ఉన్న ప్లగ్గును ఎత్తి అతని ముక్కు ముందు ఆడించింది. "కరెంటు లేకుండా ఏం పాట వస్తుందయ్యా? నువ్వేగా మెకానిక్కువి."

తాత వచ్చి యాంప్లిఫయరు వెనక చూశాడు, కన్నంలో చెయ్యి పెట్టి చూశాడు. చనిపోయినవాడి నుదురు తడిమినట్టు తడిమాడు.

"దీన్ని ఎవరు చంపారు?"

"చంపడమేంటి, పొద్దున నేను బాగుచేస్తేనూ" అంది ఫిలొమేన. "చిరుగుంటే గంజి పెట్టా."

"చిరుగేంటి?" అన్నాడు వాందిక్. "నా స్పీకరుకు చిరుగేంటి?"

"జీర చిరుగుది" అంది జనైర. అందరూ ఆమె వైపు తిరిగారు. చెవులు ఎర్రబడలేదని ఆమెకే ఆశ్చర్యమేసింది. "వాల్వుది కాదు, కర్రది కాదు. మామ్మ అతికించాక జీర పోయింది. మళ్లీ తెద్దామని పీకితే కన్నం పడింది. కన్నం నాదే."

వాందిక్ మెల్లగా తాత వైపు చూశాడు. తాత గోడ మీది రాత చదువుతున్నట్టు నిలబడ్డాడు.

"వరదొచ్చిన ఏడు" అన్నాడు చివరికి. "పడవ దిగుతూ అందులో కాలేశా. నువ్వు తిడతావని చెప్పలా, వెనక పక్క గోడకానించి పెట్టేశా."

"ముప్పై ఏళ్లు" అన్నాడు వాందిక్. "ముప్పై ఏళ్లు నా చేత ఆ వాల్వు మీద ఉపన్యాసాలు ఇప్పించావు."

"నేనిప్పించడమెందుకు, నువ్వు ఆపితేగా."

"మరి వేలిలో ఉంటుందన్నావుగా" అన్నాడు నజరేను.

"కాలిలో ఉందని ఎలా చెప్పను?"

అప్పుడు జనైర లేచి నిలబడింది. "తాతా, శనివారం నేను వాయిస్తా."

అనుకున్నదాని కన్నా తేలిగ్గా వచ్చింది. నాలుగు మాటలూ వరసలోనే వచ్చాయి.

"ఏయ్ పిల్లా" అన్నాడు నజరేను. "ఆ పడవలో ఆడపిల్ల ఎప్పుడు కూర్చుంది? పక్క ఊళ్ల వాళ్లు నవ్వుతారు."

"తీర్పు మీరే ఇచ్చారు. తిరుగులేదని అక్కడ రాసుంది."

"అది నువ్వని తెలియక ఇచ్చిన తీర్పు."

"తెలియకూడదనేగా గంతలు కట్టుకునేది."

నజరేను వాందిక్ వైపు చూశాడు. వాందిక్ నేల వైపు చూశాడు. లోపలి గదిలోంచి ఎడినెల్సన్ నిగనిగలాడే తలతో వచ్చి, "నా వంతొచ్చిందా?" అన్నాడు.

"నువ్వు కాసేపు వసారాలో కూర్చో" అన్నాడు తాత జనైరతో. గొంతులో కోపం ఉందో ఇంకేముందో తెలియలేదు. "ఇది పెద్దవాళ్లు తేల్చాల్సిన సంగతి."

"తేలిపోయింది తాతా."

"బయటికి పో అన్నానా."

ఆమె వెళ్లింది. గిటారు ఇమ్మని ఎవరూ అడగలేదు, ఆమె ఇవ్వనూ లేదు. ఫిలొమేన మాత్రం, "ఆ పిల్లకు చేప ముక్కైనా పెట్టనివ్వండి" అంటూ ఉండగానే తాత వచ్చి, మనవరాలి మొహం మీదే తలుపు వేసి గడియ పెట్టాడు. లోపల మూడు గొంతులు ఒక్కసారే మొదలయ్యాయి.

జనైర మెట్టు మీద కూర్చుని గిటారు ఒళ్లో సర్దుకుంది. దాన్నుంచి బయల్దేరిన పదిహేను గజాల తీగ తలుపు కింద సందులోంచి లోపలికి, యాంప్లిఫయరు దాకా, తిన్నగా పోయి ఉంది. ఆమె పడవ పాట మొదటి స్వరం గట్టిగా మీటింది. తలుపు అవతల గొంతులు ఆగిపోయాయి. కాసేపటికి నేలచెక్క మీద ఒక మడమ తాళం వెయ్యడం మొదలైంది. అది ముప్పై ఏళ్ల కింద స్పీకరును తొక్కిన మడమే.

మనిషిని బయటికి పంపేముందు తీగ ఊడదీయాలన్న సంగతి, గిటార్ల గురించి తెలియనిది లేదనుకునే ఆ ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.