అత్తగారి మంచం కింద కోడిపెట్ట

ఆ రోజు అప్పాజీ పెట్టుకున్న పని ఒక్కటే. ఏ పనీ చేయకుండా, చప్పుడు కాకుండా వీధి అరుగు మీద కూర్చోవడం. చేలో నీళ్లు పెట్టుకునే వంతు వచ్చినా వెళ్లలేదు. మోటారుసైకిలు అలికిడి ఇంటికి వినబడకూడదని దాన్ని వీధి చివరిదాకా నెట్టుకుపోయి అక్కడే వదిలి వచ్చాడు. గంట గంటకీ మోగే గోడ గడియారంలోంచి బ్యాటరీ తీసి జేబులో వేసుకున్నాడు. భార్య వీరవేణి పోపు వేయబోతే, ఆవాలు చిటపటలాడతాయి, ఈ పూటకి చారు వద్దన్నాడు. ఇదంతా ఒక కోడిపెట్ట కోసం.

అప్పాజీ ఇల్లరికపు అల్లుడు. రామచంద్రపురం దగ్గరి ఆ పల్లెటూళ్లో అత్తగారు అచ్చాయమ్మ పొలం, కొబ్బరితోట, ఇల్లు అన్నీ అతనే చూసుకుంటాడని పైకి పేరు. నిజానికి వాటన్నింటినీ అచ్చాయమ్మే చూసుకుంటుంది, అల్లుణ్ని కూడా కలిపి. ఆవిడకి కోళ్లంటే ప్రాణం. కిందటిసారి పెట్ట పిల్లల్ని చేసినప్పుడు, పసివాటికి ఎండ తగిలితే మంచిదని ఎక్కడో చదివి, అప్పాజీ గంప ఎత్తాడు. ఎత్తినవాడు దించకుండా కాఫీ తాగడానికి లోపలికి వెళ్లాడు. కాఫీ చల్లారేలోగా గద్దలు వచ్చి వెళ్లిపోయాయి.

ఆనాటి నుంచి రేషన్ షాపు దగ్గరా, బస్సులోనూ, పేరంటాల్లోనూ అచ్చాయమ్మది ఒకటే మాట. "మా అల్లుడుగారు గంప ఎత్తారంటే గద్దలకి భోజనాల వేళయినట్టేనండి." ఊరంతా ఆ మాట పట్టుకుంది. ఎరువుల కొట్టుకి వెళితే "ఏం అప్పాజీ, గద్దలు కులాసాయేనా?" క్షవరానికి కూర్చుంటే "గద్దలు కులాసాయేనా?" ఆఖరికి ఊరికి కొత్తగా వచ్చిన పోస్టుమాన్ కూడా ఉత్తరం చేతికిచ్చి అదే అడిగాడు. అప్పాజీ పైకి నవ్వేవాడు కాని లోపల కుమిలిపోయేవాడు. ఈసారి ఒక్క గుడ్డు కూడా మురగకుండా, పిల్లలన్నింటినీ అత్తగారికి అప్పగిస్తే తప్ప ఈ ఊళ్లో తలెత్తుకు తిరగలేనని తీర్మానించుకున్నాడు.

ముందురోజే అచ్చాయమ్మ సామర్లకోటలో ఉన్న చెల్లెలు చిన్నమ్మాయిని చూడ్డానికి వెళ్లింది. ఎవరైనా ఎదురొస్తే శకునం చెడుతుందని, ఊరు నిద్ర లేవకముందే మొదటి బస్సు ఎక్కింది. కాబట్టి ఆవిడ ఊళ్లో లేదన్న సంగతి ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. ముంగిస భయానికి పెట్టను ఆవిడ తన గదిలో, తన మంచం కిందే పొదగేసింది. వెళ్లేముందు ఆ గది తలుపు దగ్గరగా వేసి అల్లుణ్ని పిలిచింది.

"అల్లుడుగారూ, నేడో రేపో పిల్లలొస్తాయండి. ఉరుముకి గుడ్లు మురగకుండా గంపలో ఇనప మేకూ, బొగ్గూ పెట్టాను. మీరు మాత్రం గదిలోకి వెళ్లకండి. అటు పక్క చప్పుడే చెయ్యకండి. చప్పుడైతే మురిగిపోతాయి."

"అలాగేనండి," అన్నాడు అప్పాజీ. అదే ఆ ఇంట్లో అతను ఎక్కువగా వాడే మాట.

పొద్దున్నే అరుగు మీద కూర్చుని, లోపల్నుంచి పెట్ట కొర్రుకొర్రుమనడం వింటూ అతను తృప్తిగా ఉన్న సమయంలో, పక్కింటి వెంకన్న వాకిట్లో మైకుసెట్టు దిగింది. వెంకన్న కూతురికి మర్నాడు ఓణీల ఫంక్షన్. మైకుసెట్టు దుర్గాసాయి కొబ్బరిచెట్టెక్కి, హారన్‌ని సరిగ్గా అచ్చాయమ్మ గది కిటికీకి గురిపెట్టి కట్టి, దిగివచ్చి వినాయకుడి పాట వేశాడు. కిటికీ రెక్కలు దడదడలాడాయి. అప్పాజీ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు.

"దుర్గాసాయీ, ఆపవయ్యా!"

"ఎందుకండీ? ఇంకా దేవుడి పాటేనండి. సినిమా పాటలు కూడా వెయ్యలేదు."

కోడి అన్న మాట అప్పాజీ నాలుక చివరిదాకా వచ్చింది. కాని పక్కనే పందిరి రాటలు పాతుతున్న నలుగురూ పని ఆపి అతన్నే చూస్తున్నారు. ఆ మాట వాళ్ల చెవిన పడితే, రేపటి భోజనాల్లో అన్నిటికంటే ముందు తననే వడ్డిస్తారని అతనికి తెలుసు.

"మా అత్తగారికి ఒంట్లో బాలేదు. చప్పుడు పడకూడదన్నారు డాక్టరుగారు," అనేశాడు.

"అయ్యయ్యో, అచ్చాయమ్మగారికేనా? ఆ ముక్క ముందే చెప్పొద్దాండీ!" దుర్గాసాయి వెంటనే పాట ఆపేశాడు. దుర్గాసాయి మంచివాడు. ఆ రోజు జరిగినదానికంతటికీ ఆ మంచితనమే మూలం.

అప్పాజీ ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగి, ఇంకా తన ఇంటి మెట్టు ఎక్కాడో లేదో, హారన్ గరగరమంది.

"హలో, హలో. గ్రామ ప్రజలకు మనవి. మన అచ్చాయమ్మగారికి ఆరోగ్యం బొత్తిగా బాగులేనందున, చప్పుడు పడకూడదని డాక్టరుగారు చెప్పినందున, మైకు ఆపివేయుచున్నాము. కావున ఎవరూ చప్పుడు చేయవద్దని కోరుచున్నాము."

కాలవ అవతలి పేటకి కూడా వినబడాలని మూడుసార్లు చెప్పాడు.

ముందుగా వచ్చింది ఎదురింటి రత్తమ్మ, బార్లీ గింజల పొట్లంతో. ఆ వెనక అరటిపళ్లు, బత్తాయిలు, విభూతి పొట్లాలు వచ్చాయి. కొబ్బరితోట ఉన్న ఇంటికి ఎవరో కొబ్బరిబొండాల గెల కూడా పట్టుకొచ్చారు. అది అచ్చాయమ్మ తోటలో కోసిందే. రత్తమ్మ తిన్నగా వంటింట్లోకి వెళ్లి వీరవేణిని వాటేసుకుని "ధైర్యంగా ఉండు తల్లీ" అంది. పోపులేని చారు తప్ప వేరే దిగులెరగని వీరవేణి బిత్తరపోయి, మొగుణ్ని పెరట్లోకి లాక్కెళ్లింది.

"సామర్లకోటలో ఉన్న మా అమ్మని ఇక్కడ మంచాన పడేశారేంటండీ?"

"మెల్లగా మాట్లాడు. పిల్లలొచ్చేదాకా ఒక్కపూట. తర్వాత నయమైపోయిందని చెప్పేద్దాం."

"అమ్మకి తెలిస్తేనో?"

"ఎవరు చెప్తారు?" అన్నాడు అప్పాజీ. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన వీరవేణి ఆ ప్రశ్నకి తల పట్టుకుంది.

అప్పటికే జనం హాల్లో నిండిపోయారు. ఒకసారి చూసి పోతామన్నారు. అప్పాజీ కుర్చీ తెచ్చుకుని అత్తగారి గది తలుపుకి అడ్డంగా వేసుకు కూర్చున్నాడు. "ఎవర్నీ చూడనివ్వద్దన్నారండి" అని వచ్చినవాళ్లందరికీ దణ్ణం పెట్టాడు. ఇంత అలికిడికి లోపల పెట్టకి కోపం వచ్చినట్టుంది. కొర్ర్... కొర్ర్... అని గుర్రు పెట్టింది. రత్తమ్మ తలుపుకి చెవి ఆనించి గుండెలు బాదుకుంది.

"అమ్మో అమ్మో, ఊపిరి ఎలా గురగురలాడుతోందో వినండి!"

అందరూ వంతులవారీగా విన్నారు. అంతలో ఊళ్లో వైద్యం చేసే అప్పారావు సైకిలు దిగి, సంచీతో సహా లోపలికొచ్చాడు. మనిషి మొహం ఎర్రగా ఉంది.

"నేనుండగా చప్పుడు పడకూడదన్న ఆ డాక్టరెవరండీ?"

"రామచంద్రపురం డాక్టరుగారండి," అన్నాడు అప్పాజీ, కుర్చీ వదలకుండా.

"ఓహో. ఇన్నాళ్లూ మీ ఇంటిల్లిపాదికీ సూదిమందు వేసినవాణ్ని, ఇప్పుడు నేను పనికిరాలేదన్నమాట. లేవండి, చూస్తాను."

అప్పాజీ లేవలేదు. అంతమందీ చూస్తుండగా ఉత్తచేతులతో వెనక్కిపోవడం అప్పారావుకి నామర్దా అనిపించింది. స్టెతస్కోపు తీసి, తలుపు చెక్కకే ఆనించి కళ్లు మూసుకున్నాడు. లోపల్నుంచి పెట్ట దీర్ఘంగా కొర్రుమంది. అప్పారావు తల అడ్డంగా ఆడించాడు.

"ఆశ పెట్టుకోకండి. సాయంత్రం దాటితే గొప్ప."

ఆ మాటకి వీరవేణి నిజంగానే ఘొల్లుమంది. అమ్మ తిరిగివచ్చాక ఈ కొంపలో ఏం జరుగుతుందో ఆమెకి కళ్లకి కట్టినట్టు కనిపించింది. తల్లి మీద ఎంత ప్రేమో అని ఆడవాళ్లంతా కళ్లు ఒత్తుకున్నారు.

అప్పుడు పెదబాబు వచ్చాడు. ఊళ్లో పెళ్లయినా చావయినా ఆయన చేతిమీదుగా జరగాల్సిందే, లేకపోతే జరిగినట్టు కాదు. ఆయన అప్పాజీ భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వేం గాభరాపడకు. అన్నీ నేను చూసుకుంటున్నాను. సామర్లకోటలో చెల్లెలుగారి పక్క కొట్టుకి ఎస్‌టీడీ బూతు నుంచి ఫోను కొట్టేశాను. అచ్చాయమ్మగారికి సీరియస్, వెంటనే బయల్దేరమని చెప్పండని ఒక్క ముక్కలో చెప్పి పెట్టేశాను. మీటరు పరుగెడుతోంది కదా. డప్పులకీ, బాణసంచాకీ కూడా మనిషిని పంపించాను."

అప్పాజీ కుర్చీలోంచి సగం లేచాడు. "ఆవిడింకా ఉన్నారండి!"

"ఉంటే వెనక్కి పంపేద్దాం. పెళ్లిళ్ల సీజను, అప్పటికప్పుడు కావాలంటే డప్పులు దొరుకుతాయేంటి?"

ఇంక లాభం లేదు, నిజం చెప్పేయాలి. అప్పాజీ లేచి నిలబడ్డాడు. "పెదబాబుగారూ, అసలు సంగతేంటంటేనండి..."

"తెలుసయ్యా," అన్నాడు పెదబాబు కండువాతో ముక్కు తుడుచుకుని. "పొద్దుట్నుంచి ఆ తలుపు వదిలి కదల్లేదట. అత్తగారంటే ఇంత ఇదిగా ఉండే అల్లుణ్ని నేనింతవరకు చూళ్లేదు. నిన్ను మేమంతా వేళాకోళం చేశాం. తప్పయిపోయింది."

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. పొద్దుట్నుంచి ఒక్కడు కూడా గద్దల మాట ఎత్తలేదన్న సంగతి అప్పాజీకి అప్పుడే తట్టింది. ఆ ఊళ్లో కాపరానికి వచ్చాక జనం తనకేసి మర్యాదగా చూడడం అదే మొదలు. చెప్పబోయిన నిజాన్ని మింగేసి మళ్లీ కూర్చున్నాడు. సామర్లకోట నుంచి బస్సు రావడానికి ఎంతసేపు పడుతుందా అని మాత్రం లోలోపల లెక్క వేసుకుంటూనే ఉన్నాడు.

భోజనాల వేళ దాటింది. ఎవరూ కదల్లేదు. డప్పులవాళ్లు వచ్చి వీధిలో మంట వేసి డప్పులు కాచుకుంటున్నారు. తలుపుకి చెవి ఆనించి ఉన్న రత్తమ్మ ఉన్నట్టుండి వేలు పైకెత్తింది. లోపల కొర్రుమనే చప్పుడు ఆగిపోయింది. అందరూ ఊపిరి బిగపట్టి విన్నారు. ఏమీ వినబడలేదు.

"పోయింది! నా తల్లి అచ్చాయమ్మ పోయింది!" అని రత్తమ్మ రాగం ఎత్తుకుంది. "ఇంటికెళితే మంచినీళ్లు కాదు, మజ్జిగిచ్చే చెయ్యే! ఎవర్నీ పల్లెత్తు మాటనని నోరే!"

ఆ రెండో మాటకి కొందరు మొహమొహాలు చూసుకున్నారు కాని, సందర్భం అలాంటిది కనక ఊరుకున్నారు. పెదబాబు వీధిలోకి సైగ చేశాడు. డప్పులు ఒక్కసారి మోగాయి. ఎవరో సీమటపాకాయల దండ తెచ్చి, సరిగ్గా అచ్చాయమ్మ కిటికీ కిందే అంటించారు.

"ఆపండి! చప్పుడు చెయ్యకండి! మురిగిపోతాయి!" అని అప్పాజీ గావుకేక పెట్టి వీధిలోకి దూకబోయాడు.

"పాపం, మతి చలించింది. పట్టుకోండ్రా," అన్నాడు పెదబాబు. ఇద్దరు మనుషులు అతన్ని చెరో రెక్కా పట్టుకున్నారు. అప్పాజీకి నిజంగానే ఏడుపు వచ్చింది. గుడ్లు పోయాయి, పరువు పోయింది, ఇక మిగిలింది అత్తగారే.

ఆ పొగలోనే ఆటో వచ్చి ఆగింది. అచ్చాయమ్మ దిగింది. వెనకే చిన్నమ్మాయి దిగింది. వాకిట్లో ఉన్నవాళ్లు చూసినవాళ్లు చూసినట్టే నోరు తెరుచుకుని రెండు పక్కలకీ తప్పుకున్నారు. డప్పులవాళ్లు పొరుగూరివాళ్లు కాబట్టి వాయిస్తూనే ఉన్నారు.

"ఎవరండీ పోయింది?" అని అడిగింది అచ్చాయమ్మ.

రత్తమ్మ రాగం గొంతులోనే ఉండిపోయింది. అప్పారావు మెల్లగా సైకిలు స్టాండు తీశాడు.

"నాకు సీరియస్‌గా ఉందని సామర్లకోటకి ఫోనొచ్చిందండి. నువ్విక్కడే ఉన్నావు కదే అంటుంది మా చిన్నమ్మాయి. ఎందుకైనా మంచిది, ఓసారి చూసి పోదామని వచ్చాను."

ఊరంతా అప్పాజీ వైపు తిరిగింది. రెక్కలు పట్టుకున్న ఇద్దరూ వదిలేశారు. "కోడండి... గుడ్లండి... మైకండి..." అని అతను మొదలుపెట్టి, ఎలాగో సంగతంతా చెప్పేశాడు. అచ్చాయమ్మ విని, తిన్నగా లోపలికి నడిచి గది తలుపు తోసింది. వెనకాలే జనం తోసుకొచ్చారు. ఆవిడ మంచం కిందనుంచి గంప ఇవతలికి లాగింది.

పెట్ట రెక్కల కిందనుంచి ఒక పసుపుపచ్చటి తల బయటికి వచ్చింది. దాని వెనక ఇంకోటి, ఆ వెనక నల్లది, వీపు మీద పెంకుముక్క ఇంకా అంటుకునే ఉన్నది. పెట్టిన గుడ్లన్నీ పిల్లలే. ఒక్కటీ మురగలేదు. బయట డప్పులు ఇంకా మోగుతుంటే, పిల్లలు వాటికంటే గట్టిగా కిచకిచలాడుతున్నాయి. అప్పాజీ కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఇంత చప్పుడులో ఎలా బతికాయండీ? చప్పుడైతే మురిగిపోతాయని మీరే కదండీ చెప్పారు?"

"చప్పుడు చెయ్యొద్దంది మిమ్మల్నండి, ఊరిని కాదు," అంది అచ్చాయమ్మ. "ఊరుకుంటే వెళ్లి గంప ఎత్తి చూస్తారని అలా చెప్పాను. ఉరుముకైతే ఇనుమూ బొగ్గూ పెట్టాను. మీకేం పెట్టనండీ?"

ముందు పెదబాబు నవ్వాడు. తర్వాత ఊరంతా నవ్వింది. అచ్చాయమ్మ మాత్రం నవ్వకుండా వీధిలో మంచం వేయించుకుని కూర్చుని, ఎవరెవరు వచ్చారో, ఎవరెవరు ఏడ్చారో పేరుపేరునా వాకబు చేసింది. "సగంలో ఆపావేం రత్తమ్మా? నా నోటి గురించి ఏదో మంచి మాట అంటున్నావుగా, కానియ్యి," అంది. డప్పులవాళ్లు ఎలాగూ వచ్చారు కనక వెంకన్న వాళ్లని ఓణీల ఫంక్షన్‌కి మాట్లాడుకున్నాడు.

అచ్చాయమ్మ న్యాయం తెలిసిన మనిషి. మా అల్లుడుగారు ఒక్క గుడ్డు కూడా మురగనివ్వకుండా పిల్లలన్నింటినీ చేతికి అప్పగించారని రేషన్ షాపు దగ్గరా, బస్సులోనూ, పేరంటాల్లోనూ చెప్పింది. అప్పాజీ కోరుకున్నట్టే, ఆ ఊళ్లో ఇప్పుడెవరూ అతన్ని గద్దల సంగతి అడగడం లేదు. "ఏం అప్పాజీ, అత్తగారు కులాసాయేనా?" అని అడుగుతున్నారు.