పెళ్ళి కారుకు నూనె

ఆ శుక్రవారం ఉదయానికి సామ్యూల్ సార్ వేసుకున్న ప్రణాళిక బస్సు టికెట్టు వెనక రాసుకునేంత చిన్నది. నస్పూర్‌లో ఐదున్నర బస్సు ఎక్కాలి. కరీంనగర్‌లో దిగి ఒక నూనె డబ్బా కొనాలి. పదకొండుకల్లా తిరిగొచ్చి దాన్ని పక్కింటి అతీక్ చేతిలో పెట్టాలి. ఆ తర్వాత స్నానం, ఇస్త్రీ చొక్కా, మూడున్నరకు చర్చిలో ఊళ్ళో కుర్రాడు వెస్లీ పెళ్ళి. బెల్లంపల్లి జూనియర్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషికి ఇదేమంత పెద్ద పరీక్ష కాదు.

నూనె అంటే వంటనూనె కాదు, ఇంజనాయిలు. అతీక్ ఒకప్పుడు సార్ దగ్గరే రెండుసార్లు కెమిస్ట్రీ తప్పి, మెకానిక్‌గా మాత్రం ఫస్టు క్లాసులో పాసైనవాడు. నాలుగు నెలల కిందట హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన ఎర్రటి స్పోర్ట్స్ కారును తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. రెండే తలుపులు, రెండే సీట్లు. అందులో కూర్చుంటే రోడ్డు మీద చాప పరుచుకొని కూర్చున్నట్టుంటుంది. పెళ్ళికొడుకులకు కిరాయికి తిప్పుతానన్నాడు. నాలుగు నెలల్లో ఒక్క పెళ్ళికొడుకూ రాలేదు సరికదా, అతని భార్య తహసీన్ బట్టలు ఆరేసుకునే జాగా పోయింది. వెస్లీ పెళ్ళి మొదటి బేరం. ఈ ఒక్క బారాత్, అంటే పెళ్ళి ఊరేగింపు, సక్కగా జరిగితే కారు ఉంటుంది, జరగకపోతే ఆదివారానికల్లా అమ్మెయ్యాలని తహసీన్ తేల్చిచెప్పింది. అతీక్ వెంటనే ఒప్పుకున్నాడు. అప్పుడామె చేతిలో అట్లకాడ ఉంది.

ఆ కారు ఏ నూనె పడితే ఆ నూనె తాగే రకం కాదు. అది కోరే ఫుల్ సింథటిక్ నూనె మంచిర్యాల దుకాణాల్లో లేదు. కారు తుడవాలి, పాత నూనె దించాలి, అతీక్‌కు కదిలే వీలు లేదు. తాను వెళ్తానని సామ్యూల్ సార్ తానే ముందుకొచ్చాడు. భార్య మార్తమ్మ పోయిన ఈ రెండేళ్ళలో సాయంత్రం పూట పక్కింటి గోడ మీదుగా రెండు రొట్టెలు రాని రోజు లేదు. గిన్నె కడిగి ఇవ్వడం తప్ప ఆయన ఆ ఇంటికి చేసిందేమీ లేదు.

కరీంనగర్‌లో ఇనాయతుల్లా దుకాణం మేడ కింద, ఇల్లు మేడ పైన. అతీక్ పొద్దున్నే ఫోను చేసి చెప్పడంతో, సార్ కోసం షట్టరు సగమే ఎత్తి నిలబడ్డాడు. అతీక్ ఇచ్చిన చీటీలో "జీరో డబ్ల్యూ ఫార్టీ" అని ఉంది. డబ్ల్యూ అంటే వింటర్ అనీ, ముందున్న అంకె చలిలో నూనె ఎంత పల్చగా పారుతుందో చెబుతుందనీ, తర్వాతి అంకె వేడిలో చిక్కదనమనీ సార్ వివరించడం మొదలుపెట్టాడు. ఇనాయతుల్లా ఓపిగ్గా విన్నాడు.

"నస్పూర్ల చలికాలం ఎన్ని దినాలుంటది సాబ్?"

"డిసెంబర్ల ఒక పది దినాలు."

"గా పది దినాలకు మీ కారు సలామత్ ఉంటది. తీస్కపోండ్రి."

అయినా సార్ వదల్లేదు. అంకె ఒక్కటే చాలదు, డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఆ కారు కంపెనీ ఒప్పుకున్న నంబరు కూడా ఉండాలని అతీక్ మరీమరీ చెప్పాడు. మొదటి డబ్బా మీద అంకె కలిసింది, నంబరు కలవలేదు. రెండోదాని మీద నంబరు కలిసింది, అది సగం సింథటిక్. మూడోది విదేశీ సరుకు, పైనంతా జర్మన్ అక్షరాలు. కళ్ళద్దాలు పైకి కిందికి జరిపి, వెలుతుర్లోకి తెచ్చి, పరీక్ష పేపరు దిద్దినట్టు చూసి, చివరికి నంబరు పట్టుకున్నాడు. ఐదు లీటర్ల బంగారు రంగు డబ్బా. దుకాణంలో అదొక్కటే ఉంది.

బస్సు పదకొండుకు పది నిమిషాల ముందే నస్పూర్ చర్చి ఎదురుగా దించింది. అంతకు కాసేపటి ముందే అతీక్ ఫోను చేశాడు. పాత నూనె మొత్తం దించేశాడట, పాక గుంజలకు చెదలు పట్టకుండా పూసుకుంటానని ఎదురింటి భూమన్న దాన్ని పట్టుకుపోయాడట. ఇప్పుడు కారు కడుపు ఖాళీ, మీరు రావడమే ఆలస్యం అన్నాడు.

చర్చిలో ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన నడుస్తోంది. ఎండ మండుతోంది. నాలుగింటికే లేచిన ఒళ్ళు. రెండు నిమిషాలు ఫ్యాను కింద కూర్చుని పోదామనుకున్నాడు సార్. ఇంజనాయిలును దేవుని ఇంట్లోకి తీసుకుపోవడం బాగుండదని డబ్బాను వరండాలో చెప్పుల పక్కన పెట్టి, ఎప్పటిలా ఆఖరి బెంచీలో కూర్చున్నాడు.

సార్ దాన్ని అక్కడ పెట్టడం చర్చి ఊడ్చే కొమురవ్వ చూసింది. ఉపవాస ప్రార్థన రోజున అందరూ ఇంటి నుంచి నూనె సీసాలు తెచ్చి ముందున్న బల్ల మీద పెడతారు. పాస్టరుగారు వాటి మీద ప్రార్థన చేస్తారు. ఆ నూనెను ఇంటికి తీసుకుపోయి నొప్పులకూ పిల్లల నుదుటికీ రాసుకుంటారు. అలాంటి నూనె చెప్పుల పక్కన ఉండటం కొమురవ్వ మనసుకు నచ్చలేదు. రెండు చేతులా ఎత్తుకుపోయి బల్ల మధ్యలో పెట్టింది. అప్పటికే సామ్యూల్ సార్ ఫ్యాను కింద గాఢంగా నిద్రపోతున్నాడు.

ఆయన కళ్ళు తెరిచేసరికి ప్రార్థన ముగిసింది. బల్ల ముందు వరుస కట్టి ఉంది. పెళ్ళికొడుకు నానమ్మ రిబ్కమ్మ గరాటు పట్టుకొని, తేనె రంగు నూనెను ఒక్కొక్కరి సీసాలోకీ ధారగా వంచుతోంది. అది యెరూషలేము ఆలివ్ నూనె అని వరుస మొదట్లో అన్నారు. వరుస చివరికి వచ్చేసరికి అది సామ్యూల్ సార్ భార్య పేరు మీద ఓడలో తెప్పించిన నూనె అయింది.

సార్ గబగబా ముందుకు నడిచాడు. "అక్కా, అది..."

"ఏం మాట్లాడకు తమ్మీ," అంది రిబ్కమ్మ. "రెండేండ్లసంది ఆఖరి బెంచి మీద కూసొని, ఎవరన్న పలకరిస్తరేమోనని ముందుగాలనే లేచిపోతివి. ఇయ్యాల అందరికి నూనె తెస్తివి. మార్తమ్మ సూస్తనే ఉంటది."

నలుగురైదుగురు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. అప్పుడు చెప్పవలసిన మాట ఒక్కటే. కానీ సార్ నోటి నుంచి "సరే అక్కా" అని వచ్చింది. జేబులో ఫోను మోగింది. అతీక్. ఎక్కడున్నారని అడిగాడు. దగ్గర్లోనే ఉన్నానన్నాడు సార్. దూరం సంగతి వరకు అది నిజమే.

ఇక మిగిలింది, సీసాలు పట్టుకుపోయినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మెల్లగా తిరిగి అడగడం. మొదట గంగయ్య ఇల్లు. గనిలో పనిచేసి రిటైరైన గంగయ్య అప్పటికే మోకాళ్ళకు పట్టించి, వాకిట్లో గొంతుక్కూర్చుని లేస్తున్నాడు, మళ్ళీ కూర్చుంటున్నాడు. "సూడుండ్రి సార్, గిట్ల కూసోక పదేండ్లాయె," అన్నాడు. ఆ ముఖం చూస్తూ సీసా అడగడానికి సార్‌కు నోరు రాలేదు. కూర్చోవడం మంచిదేగానీ కొద్దికొద్దిగా కూర్చోమని సలహా ఇచ్చి బయటపడ్డాడు. రెండో ఇంట్లో మజ్జిగ ఇచ్చారు. మూడో ఇంట్లో పసిబిడ్డను చేతికిచ్చి దీవించమన్నారు. మూడిళ్ళు తిరిగి ఆయన సంపాదించింది ఒక గ్లాసు మజ్జిగ.

నాలుగో ఇంటి దారిలో ఎదురైన కొమురవ్వ శుభవార్త చెప్పింది. డబ్బాలో ఇంకా లీటరున్నర మిగిలిందట. అంత మంచి నూనె అందరికీ అందాలని రిబ్కమ్మ దాన్ని పెళ్ళి వంటలకు పంపిందట. బగారా అన్నంలోకి.

అరవై మూడేళ్ళ సామ్యూల్ సార్ పరుగెత్తాడు. చెప్పు ఒకటి ఊడిపోతే రెండోదాన్ని ఆయనే వదిలేశాడు. పందిరి వెనక వంటాయన హనుమండ్లు పెద్ద గంజులో నూనె పోసి, అగ్గిపుల్ల గీసి, పొయ్యి మీదికి వంగుతున్నాడు.

"హనుమండ్లూ, అంటియ్యకు. అది కారు నూనె."

అగ్గిపుల్ల హనుమండ్లు వేళ్ళ దాకా కాలి ఆరిపోయింది. ఉల్లిగడ్డలు కోస్తున్న ఆడవాళ్ళు కత్తిపీటలు వదిలి లేచారు. సార్ అందరి ముందూ చెప్పేశాడు. యెరూషలేము కాదు, కరీంనగర్. మార్తమ్మ పేరు మీద కాదు, వెస్లీ ఎక్కే కారు కోసం. తాను ఫ్యాను కింద నిద్రపోయాడు, లేచాక నిజం చెప్పే ధైర్యం చాలలేదు. చెప్పి తలొంచుకున్నాడు.

రిబ్కమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని అందరూ దగ్గరికి వచ్చారు. ఆమె నవ్వుతోంది. "మార్తమ్మ ఉంటే, నువ్వు గుడిల నిద్రపోతుంటె మోచేత్తోని పొడుస్తుండె గద తమ్మీ," అంది. అది నిజం. ముప్ఫై ఏళ్ళు ప్రతి ఆదివారం పొడిచింది. సార్‌కు కూడా నవ్వొచ్చింది. రెండేళ్ళలో ఎవరూ ఆమె గురించి ఆయన ముందు నవ్వుతూ మాట్లాడలేదు.

కబురు బజారంతా తిరిగింది. పావుగంటలో సీసాలన్నీ వెనక్కి వచ్చాయి. సార్ కోసం నొచ్చుకున్న మనసులు కాబట్టి ఎవరూ తక్కువ తేలేదు. వాడింది పోగా మిగిలినదాన్ని కొబ్బరినూనెతో నింపినవాళ్ళు కొందరు, సీసా అడుగున ముందే నువ్వులనూనె ఉన్నవాళ్ళు కొందరు. హనుమండ్లు గంజులోది కూడా కలిపి, అందరూ డబ్బాలో గుమ్మరించారు. ఐదు లీటర్ల డబ్బా పొంగి పొర్లి, ఇంకో చెంబు కూడా నిండింది. ప్రపంచంలో ఏ ప్రయోగశాలలోనూ తయారుకాని ఆ ద్రవాన్ని మోసుకొని, ఉత్త కాళ్ళతో, ఒకటిన్నరకు సార్ అతీక్ ముందు నిలబడ్డాడు.

అతీక్ మూత తీసి వాసన చూశాడు. సార్ ముఖం చూశాడు. మళ్ళీ వాసన చూశాడు.

"సార్, గిది పోస్తే ఇంజన్ నడ్వది. జుట్టు మొలుస్తది."

కరీంనగర్ వెళ్ళి రావడానికి సమయం లేదు, వెళ్ళినా అక్కడ ఇంకో డబ్బా లేదు. అతీక్ కారు పక్కన మెట్టు మీద కూలబడ్డాడు. సార్ కూడా పక్కనే కూర్చుని, కారు పోతే ఆ పాపం తనదేనన్నాడు. తలుపు అవతల నుంచి అంతా వింటున్న తహసీన్ బయటికి వచ్చింది. అన్ని రోజులుగా అమ్మెయ్యమని పోరుతున్న మనిషి నడుము మీద చెయ్యి పెట్టుకొని కారును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"బారాత్‌ల బ్యాండోళ్ళు ముందల నడుస్తరు," అంది. "కారు ఎన్క నడుస్తది. బ్యాండోళ్ళను దాటి యాడికి పోతది? నూకుండ్రి."

మూడు గంటలకు బ్యాండు మొదలైంది. స్టీరింగు దగ్గర అతీక్, పక్క సీట్లో సూటు వేసుకున్న వెస్లీ. వెనక రిబ్కమ్మ బలగమంతా ఒక చెయ్యి వేసి నెట్టింది. అందరికంటే ముందు గంగయ్య మోకాళ్ళు. పొగ లేదు, చప్పుడు లేదు. మెత్తగా, నిండుగా, పల్లకీ సాగినట్టు సాగిన కారును చూసి వీధి అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడ్డారు.

తిరుగు ప్రయాణంలోనే అసలు చిక్కు వచ్చింది. ఉన్నవి రెండు సీట్లు. స్టీరింగు అతీక్ వదలడు. పెళ్ళికూతురు ఆరాధన తెల్లటి గౌను సర్దుకొని రెండో సీట్లో కూర్చుంది. తన చోటెక్కడని వెస్లీ అడిగితే, ఆమె కిటికీలోంచి వేలితో వెనక్కి చూపించింది. కొత్త పెళ్ళికొడుకు కోటు విప్పి, చేతులు మడిచి, చర్చి నుంచి ఇంటి దాకా భార్యను నూకుకుంటూ తెచ్చుకున్నాడు. పెళ్ళికూతురి తరఫువాళ్ళు దారి పొడవునా ఫోన్లు ఎత్తి పట్టుకొనే నడిచారు.

ఆ వీడియో మంచిర్యాల, బెల్లంపల్లి దాటి కాగజ్‌నగర్ దాకా పోయింది. ఆదివారం కారు అమ్మే మాట తహసీన్ ఎత్తలేదు, ఎత్తడానికి ఆమెకు తీరిక లేదు. పొద్దుటి నుంచి పెళ్ళికూతుళ్ళ తండ్రులు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. అందరిదీ ఒకటే షరతు, కారును పెళ్ళికొడుకే నూకాలని. ఇంజను ఉన్నా తమకేమీ అభ్యంతరం లేదన్నారు.