సారు ఎటు వంగితే అటు

ఆ ఉదయం టెస్టు సారు పెట్టుకున్న పని ఒక్కటే: పెద్దసారు తనిఖీకి వచ్చేలోగా విరిగిన వంతెన దాటెయ్యాలి. వంతెన ఉన్నది ఊళ్ళో కాదు, ఆయన ఫోనులో. మోటారు సైకిలు మీద ఒక బొమ్మ మనిషి పలకలెక్కి, పీపాలు దూకి, మంటల్లోంచి దూరిపోయే ఆట అది. కొన్నాళ్ళుగా ఆ వంతెన దగ్గరే బొమ్మ మనిషి బొక్కబోర్లా పడుతున్నాడు. పడితేనేం, ఒక్క నొక్కు నొక్కితే చెక్కుచెదరకుండా మళ్ళీ బండెక్కుతాడు. మోకాలు దోక్కుపోయేది లేదు, బండి వంకరపోయేది లేదు, ఇంట్లో తిట్లు అసలే లేవు. బతుకులో ఇంత ఉదారమైన ఏర్పాటు ఇంకెక్కడా కనబడకనే టెస్టు సారు దానికి దాసోహమైపోయాడు.

బండ్లు నడిపేవాళ్ళకు పరీక్ష పెట్టి లైసెన్సులిచ్చే ఉద్యోగం ఆయనది. రాతపరీక్ష నెగ్గి సంపాదించినది కాబట్టి స్వయంగా బండి నడపాల్సిన అగత్యం ఎన్నడూ రాలేదు. చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డాక రెండు చక్రాల మీద ఆయనకు నమ్మకమే పోయింది. ఆ అపనమ్మకం కొద్దీ, వచ్చినవాళ్ళను వచ్చినట్టే ఫెయిలు చేసి పంపేవాడు. ఫిర్యాదులు పైదాకా వెళ్ళాయి. ఇంకొక్క మాట చెవిన పడితే లారీల చెక్‌పోస్టులో పడేస్తానని పెద్దసారు హెచ్చరించాడు. చెక్‌పోస్టంటే పొద్దస్తమానం ఎండలో నిలబడి దుమ్ము తినడం. టెస్టు సారుకు తన అద్దాలగది, మెత్తటి కుర్చీ, తలమీద ఫ్యాను ప్రాణంతో సమానం.

"ఇవాళైనా ఆ ఫోను ఇంట్లో పడేసి వెళ్ళండి," అంది భార్య గుమ్మంలో నిలబడి.

"పెద్దసారు ఫోన్ చేస్తే?"

"చేస్తే మాత్రం ఎత్తుతారా ఏంటి? ఎత్తితే మీ బండి పడిపోదూ!"

అందులో నిజముంది కాబట్టి ఆయన ఫోను జేబులో వేసి, చెప్పులేసుకుని బయటపడ్డాడు.

ఈ ఆటను నడిపేవి రెండు బొటనవేళ్ళే. కానీ ఆడేవాడి ఒళ్ళు ఆ సంగతి ఒప్పుకోదు. బొమ్మ బండి ఎడమకు తిరిగితే టెస్టు సారు ఎడమకు వంగేవాడు. మిట్ట ఎక్కితే కుర్చీలో వెనక్కి వాలేవాడు. గాల్లోకి లేస్తే ఆయనా జానెడు లేచేవాడు. ఫోను బల్లకింద ఉంటుంది. పరీక్ష జరిగే మైదానంలోంచి చూసేవాళ్ళకు అద్దాల వెనక ఊగుతున్న సారు నడుము పైభాగం మాత్రమే కనబడుతుంది.

దాన్ని కనిపెట్టినవాడు డ్రైవింగు స్కూలు నడిపే మీసాల మాస్టారు. తన శిష్యులందరూ ఎందుకు తప్పుతున్నారో తెలియక ఆర్నెల్లు బుర్ర బద్దలు కొట్టుకుని, ఆ ఊగడం చూసి, చివరికి తనకు జ్ఞానోదయమైందనుకున్నాడు.

"అంతా సైగల్లోనే ఉందమ్మా," అన్నాడు ఆ ఉదయం తన శిష్యురాలు టైలరమ్మతో. "సారు నోరు తెరిచి చెప్పరు. తెలివున్నవాళ్ళు పట్టుకోవాలి. ఎనిమిది అంకె గీతల్ని మర్చిపో. అద్దాలగది మీదే కన్నుంచు. సారు ఎటు వంగితే అటు!"

టైలరమ్మ అప్పటికి మూడుసార్లు తప్పింది. "లేస్తే ఏం చెయ్యాలండీ?" అని భయంభయంగా అడిగింది.

"నువ్వూ లేవాలి. మొహమాటపడకు."

టైలరమ్మ స్కూటరు కదిలింది. అద్దాలగదిలో బొమ్మ మనిషీ కదిలాడు. టెస్టు సారు ఎడమకు వంగాడు. ఆవిడ తెల్లగీతలు దాటి, ఎడమన ఉన్న పూలకుండీల మధ్యకు దూరింది. సారు కుడికి వంగాడు. ఒక కుండీని పక్కకు తోసి ఆవిడ కుడికి తిరిగింది. అక్కడ తాపీ పనివాళ్ళు ఇసుక కుప్ప మీదికి తోపుడుబండి ఎక్కించుకోవడానికి ఏటవాలుగా ఒక పలక వేసుకున్నారు. సరిగ్గా అప్పుడే సారు వెనక్కి వాలి, పళ్ళు బిగించాడు.

"ఓరి భగవంతుడా, ఎక్కమంటున్నాడు!" అనుకుని ఆవిడ కళ్ళు మూసుకుని ఎక్కించేసింది. సారు కుర్చీలోంచి లేచాడు. ఆవిడా సీటు మీంచి లేచింది. స్కూటరు ఇసుక కుప్ప మీదుగా ఎగిరి, అవతల మట్టిలో దబ్బున దిగి, ఊగి, నిలదొక్కుకుని, అప్పుడే గేటులోకి వస్తున్న జీపుకు మూరెడు దూరంలో ఆగింది. జీపులో ఉన్నది పెద్దసారు.

"దాటేశాం!" అని అద్దాలగదిలో టెస్టు సారు రెండు చేతులూ పైకెత్తి గంతేశాడు.

ఆ కేక విని టైలరమ్మ, పాసయ్యానని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వెనక వరుసలో ఉన్నవాళ్ళు ఇదే కొత్త పరీక్ష కాబోలనుకున్నారు. బ్యాంకు గుమాస్తా ఒకాయన కుండీల్లోంచి దూరి పలకెక్కేశాడు. ఆయన వెనక ఒక పంతులమ్మ, ఆవిడ వెనక ఆవిడ భర్త. గోల విని బయటికొచ్చిన టెస్టు సారుకు ముందు ఇసుకలో పంతులమ్మ భర్త, తర్వాత జీపు, ఆ తర్వాత పెద్దసారు మొహం కనబడ్డాయి. చెక్‌పోస్టు దుమ్ము అప్పుడే గొంతులో తగిలినట్టయి దగ్గాడు.

"ఏంటయ్యా ఈ సర్కసు?"

మీసాల మాస్టారే ముందుకొచ్చాడు. "కొత్త పద్ధతండి! మాటల్లేకుండా, కేవలం సైగలతో మొత్తం నడిపిస్తారు సారు."

పెద్దసారు ఇసుక కుప్ప వైపు, పలక వైపు, టెస్టు సారు వైపు చూశాడు. ఉన్నట్టుండి వచ్చి ఆయన భుజం తట్టాడు.

"శభాష్! రోడ్డంటే తెల్లగీతలటయ్యా? గుంతలూ, మిట్టలూ, ఎదురొచ్చే జీపులూను! ఎన్నేళ్ళుగానో మొత్తుకుంటున్నా, ఒక్కడూ వినలేదు. నువ్వు ఈ సీట్లోంచి కదలక్కర్లేదు."

పోయిన ప్రాణం లేచొచ్చి టెస్టు సారు చేతులు జోడించాడు.

"ఏదీ, ఒకసారి నువ్వు చేసి చూపించు. వీడియో తీసి అన్ని ఆఫీసులకీ పంపిద్దాం. సైగలు నేను చేస్తాలే," అంటూ పెద్దసారు వెళ్ళి మెత్తటి కుర్చీలో కూర్చున్నాడు.

టెస్టు సారును నలుగురూ కలిసి టైలరమ్మ స్కూటరు మీద కూర్చోబెట్టారు. ఆయన అలవాటు ప్రకారం కుడి బొటనవేలితో నొక్కాడు. లైటు వెలిగింది. ఎడమ బొటనవేలితో నొక్కాడు. హారను మోగింది. బండి అంగుళం కదల్లేదు.

"నొక్కడం కాదు సార్, తిప్పాలి," అంది టైలరమ్మ మెల్లగా.

తిప్పాడు. బండి కదిలింది. అద్దాలగది వైపు చూశాడు. పెద్దసారు ఎడమకు వంగాడు. పై అధికారి ఎటు వంగితే అటు వంగడం ఉద్యోగంలో చేరిన నాటినుంచీ అలవాటే కాబట్టి టెస్టు సారూ వంగాడు. కుండీలు దొర్లాయి. పెద్దసారు కుడికి వంగాడు. వెనక్కి వాలాడు. అప్పుడు గుర్తొచ్చింది టెస్టు సారుకు, తన ఫోను బల్లకిందే ఉండిపోయిందని. అప్పటికే ముందు చక్రం పలకెక్కింది.

ఇసుకలో తల పూడిపోయిన టెస్టు సారుకు, అద్దాలగదిలోంచి పెద్దసారు కేక లీలగా వినిపించింది. "ఛీ! పడ్డాడు! మళ్ళీ మొదట్నుంచి!"

"మళ్ళీ మొదట్నుంచట సార్," అని మీసాల మాస్టారు ఆయన్ని లేపి, దులిపి, బండెక్కించాడు.

మధ్యాహ్న భోజనానికి కూడా పెద్దసారు తలెత్తలేదు. ఆయన "పడ్డాడు!" అని అరిచినప్పుడల్లా టెస్టు సారు మళ్ళీ బండెక్కాడు. మోకాళ్ళు రెండూ దోక్కుపోయాయి. స్కూటరు వంకరపోయింది. సాయంత్రం ఇంటికెళ్ళాక తిట్లు కూడా తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన కుంటుకుంటూ వెళ్ళి, దయచేసి తనను లారీల చెక్‌పోస్టుకు బదిలీ చెయ్యమని అర్జీ పెట్టుకున్నాడు. అది చదివే తీరిక పెద్దసారుకు ఇంకా దొరకలేదు.