ప్రింటరుకో డ్రైవరు

"నేటితో మన కార్యాలయం బానిస సంకెళ్ళు తెంచుకుంది!" అని మా పెద్దసారు మైకులో ప్రకటించారు. సంకెళ్ళంటే ఇంకేవో అనుకునేరు. కంప్యూటర్లలో ఉన్న కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి, ఎవరైనా ఉచితంగా వాడుకోదగ్గ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎక్కించారు, అంతే. గుమస్తాలం కదా, చప్పట్లు కొట్టాం. మర్నాటి నుంచి ప్రింటరు పనిచెయ్యడం మానేసింది. స్వేచ్ఛ దానికి కూడా వచ్చినట్టుంది.

సాఫ్ట్‌వేర్ ఎక్కించిన ఇంజనీరుకి ఫోన్ చేశాను. "ఈ సిస్టమ్‌లో మీ పాత ప్రింటరుకి డ్రైవర్ లేదండీ. చిన్న ప్రోగ్రాము, వెతికి వేసుకుంటే చాలు. కాకపోతే మీ సారు అనుమతి కావాలి" అన్నాడు.

నోట్ రాసి లోపలికి పంపాను: 'ప్రింటరుకు డ్రైవర్ లేనందున ముద్రణ నిలిచిపోయినది. తగు చర్య నిమిత్తం.' పెద్దసారు స్టేజీ ఎక్కితే కంప్యూటర్ల మీద గంటసేపు దంచేస్తారు. ఈ డ్రైవర్ ప్రోగ్రామని మాత్రం ఆయనకి తెలీదు. అడిగితే పరువేం కాను? ఫైలు సిబ్బంది విభాగానికి తోసేశారు. నాలుగు రోజులకి ఉత్తర్వు దిగింది: 'కొత్త డ్రైవర్ పోస్టులు మంజూరు లేవు. జీపు డ్రైవర్‌కు ప్రింటరును అదనపు బాధ్యతగా అప్పగించడమైనది.'

జీపు డ్రైవర్ ప్రింటరు పక్కన కుర్చీ వేసుకున్నాడు. "దీనికి గేరెక్కడ గురూ?" అన్నాడు. వెటకారమో, నిజంగానే అడిగాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

నవ్వుకుని ఊరుకునేవాణ్ణే, ఆ నర్సమ్మ రాకపోతే. మా శాఖ ఆసుపత్రిలో ఆరేళ్ళు చాకిరీ చేసిన మనిషి. అనుభవం సర్టిఫికెట్ ఆ సాయంత్రం నాలుగున్నరలోగా చూపిస్తే పెద్దాసుపత్రిలో ఉద్యోగం. లేకపోతే అది ఇంకొకరికి పోతుంది.

"సందు చివర జిరాక్సు షాపుందన్నయ్యా. అక్కడ ప్రింటు తెస్తాను, సారు సంతకం పెడితే చాలు" అంది.

లోపలికెళ్ళి అడిగాను.

"ప్రైవేటు షాపులోనా? మళ్ళీ ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ మీదా?" పెద్దసారు మొహం చిట్లించారు. "మన సిద్ధాంతం ఏం కావాలయ్యా? వారం ఆగమను."

"ఆవిడకి ఇవాళే ఆఖరు సార్."

"అది ఆవిడ సమస్య."

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ గుమస్తా ఒళ్ళు మండితే ఎవడికి సెగ!

మూడింటికి ఆయనే పిలిచి పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టారు. "పైవాళ్ళు రిపోర్టు అడిగారు. ఆ జిరాక్సు షాపులో తీయించుకురా. మూడోకంటికి తెలియకూడదు."

షాపులో తెరిచి చూస్తే, 'స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌పై మా ముద్రణ: నూటికి నూరు శాతం విజయం.' పదకొండు పేజీలు. నర్సమ్మని కూడా వెంటబెట్టుకెళ్ళాను. పన్నెండు తీయించాను.

పెద్దసారు కాగితం చదివి సంతకం పెట్టిన పాపాన పోలేదు. నేను వేలు పెట్టిన చోటల్లా గీకడమే ఆయన పద్ధతి. వరసలో ఎనిమిదోది నర్సమ్మ కాగితం. దానిమీదా గీకేశారు. ముద్ర నేనే గుద్ది, వరండాలో ఆవిడ చేతికిచ్చాను.

అంతలో పెద్దసారు బయటికొచ్చారు. ఆవిడ చేతిలో తన సంతకం చూసి ఒక్క క్షణం తెల్లబోయారు. నలుగురూ చూస్తున్నారని వెంటనే గొంతు సవరించుకున్నారు.

"చూశారామ్మా, ఊరికే కంగారుపడ్డారు. మన సిస్టమ్ మీద అచ్చు ఎంత నీటుగా వచ్చిందో!"

"అవును సార్," అంది నర్సమ్మ, కాగితం సంచిలో పెట్టుకుంటూ. "జిరాక్సు షాపాయన కూడా అదే అన్నాడు."