సగం దారి

శుక్రవారం పొద్దున బోరింగులు బాగుచేసే బజుమానా వేసుకున్న పథకం చాలా చిన్నది. గంజి తాగాలి, బస ఇచ్చిన ఇంటిపెద్ద కార్ఫాని దారి, అంటే వెళ్ళడానికి సెలవు, అడగాలి, బండెక్కాలి. రెండు గంటల్లో బడారా చేరితే జుమ్మా నమాజుకి ముందే పన్నెండు కోలా గింజల మూట పెదనాన్న చేతిలో పెట్టొచ్చు. పెదనాన్న దాన్ని అదే ఊళ్ళో ఉండే ఫుసేనీకి ఇస్తాడు. ఫుసేనీ ఒక గింజ విరిచి నోట్లో వేసుకుంటే, అతని కూతురు మాఫాతా బజుమానాకి ఖాయమైనట్టే. మిగతా గింజలు ఊళ్ళో ఇంటింటికీ పంచి, సాక్ష్యం చేసుకుంటారు. ఇందులో తప్పిపోవడానికేముంది?

ఉంది. "శుక్రవారం నమాజు లోపల కోలా రాకపోతే దర్జీవాళ్ళ కోలా తీసుకుంటా" అని ఫుసేనీ పదిమందిలో చెప్పేశాడు. దర్జీకి మూడు కుట్టుమిషన్లున్నాయి. బజుమానాకి ఉన్నవి రెండు రెంచీలు, ఒక సుత్తి. మాఫాతా కూడా కబురంపింది: "నువ్వు రాకపోతే నేను బతుకంతా గుండీలు కుట్టుకుంటూ కూర్చోవాలి. తర్వాత నీ ఇష్టం." ఆ పిల్లంటే అతనికి ప్రాణం. కానీ అతను పనికొచ్చిన ఈ సిందాల ఊళ్ళో చెడిపోయిన బోరింగుకి ఆ సంగతి తెలియదు కదా. బుధవారం అయిపోవాల్సిన పని గురువారం సాయంత్రానికి గానీ తెమల్లేదు.

గంజి తాగడం వరకూ అనుకున్నట్టే జరిగింది. కార్ఫా మాత్రం ఇంట్లో లేడు.

"మీ తాత తెల్లారకముందే జియే వాళ్ళింటికి పోయాడు నాయనా" అంది కార్ఫా భార్య నాన్జే.

"అయితే నువ్వే దారి ఇచ్చెయ్ నానమ్మా. అవతల నా పెళ్ళి పోతోంది."

"నీళ్ళు కావాలంటే ఇస్తా. దారి నేనెట్లా ఇస్తా? ఇంటిపెద్ద ఇవ్వాలి."

"అడక్కుండా పోతే ఏమవుతుందిలే?"

నాన్జే చేతిలో గరిటె ఆగిపోయింది. "పోయినేడు పత్తి కొనడానికొచ్చినాయన అట్లాగే పోయాడు. ఇప్పుడు మా ఊళ్ళో గాడిదని తిట్టాలన్నా ఆయన పేరు పెట్టే తిడుతున్నాం."

బజుమానా పేరు అసలే పొడుగు, గాడిదకి బరువవుతుంది. పైగా దారి అడగకుండా పోయేంత పెంపకం లేనివాడేం కాదు. పెద్దవాళ్ళు ఇచ్చేది కూడా సగం దారే. మిగతా సగం, అతిథి మళ్ళీ రావాలని ఇంట్లోనే అట్టే పెట్టుకుంటారు. ఆ సగమైనా చేతికి వస్తే చాలనుకుని మూట చంకలో పెట్టుకుని జియే ఇంటికి పరుగెత్తాడు.

వాకిట్లో కాలు పెట్టాడో లేదో పీట వేశారు, సొరబుర్రలో నీళ్ళు తెచ్చారు. అతను పెదనాన్న క్షేమం, మేకల క్షేమం, బోరింగు క్షేమం అన్నీ చెప్పాక అప్పుడు తెలిసింది, కార్ఫా ఇప్పుడే కదియతు ఇంటివైపు వెళ్ళాడని.

"అయితే వస్తా బాబాయ్" అని లేచాడు.

"ఎక్కడికి?" జియే ముఖం ముడుచుకుంది. "నా పీట మీద కూర్చున్నావు, నా నీళ్ళు తాగావు. దారి అడగవూ?"

అలా ఒక దారి కోసం బయల్దేరినవాడికి రెండు దారులు కావలసివచ్చాయి. సంకటి తింటే గానీ జియే మాట్లాడలేదు. కోలా గింజ చేతిలో పడితే గానీ నవ్వలేదు. "సగం దారి ఇచ్చాను, పోయిరా" అన్నాడు. పన్నెండులో ఒకటేగా పోయిందని బజుమానా సరిపెట్టుకున్నాడు.

కదియతు ఇంట్లోనూ కార్ఫా లేడు. పీట ఉంది, నీళ్ళున్నాయి. భర్త పోయాక ఆ ఇంటికి ఆవిడే పెద్ద. ఇక్కడ బజుమానాకి మహా గొప్ప ఆలోచన తట్టింది.

"పెద్దమ్మా, జియే బాబాయి సగం దారి ఇచ్చాడు. నువ్వో సగం ఇస్తే మొత్తం దారి అయిపోతుంది. ఇంక కార్ఫా తాతతో పనే లేదు."

 కదియతు కొంగు కళ్ళకి అద్దుకుంది. "మొత్తం దారి పట్టుకుపోతావా? అంటే మళ్ళీ మా ఊరి ముఖమే చూడవన్నమాట! ఏం తక్కువ చేశామయ్యా నీకు?" అని ఆవిడే సమాధానం కూడా వెతుక్కుంది. తక్కువైంది మాంసమే అయ్యుండాలి. గిన్నికోడిని పట్టుకోవడానికి అరగంట, వండడానికి ఇంకో గంట పట్టింది. బజుమానా ఏడుపు దిగమింగుకుంటూ రెక్కా కాలూ తిన్నాడు. ఇంకో కోలా ఖర్చయింది.

ఈలోగా బోరింగబ్బాయి ఇంటింటికీ తిరిగి కోలా ఇచ్చి మరీ దారి అడుగుతున్నాడని ఊరంతా పాకింది. అతను వెళ్ళిన ఇళ్ళవాళ్ళు మురిసిపోయారు. వెళ్ళని ఇళ్ళవాళ్ళు బాటకి అడ్డంగా వచ్చి నిలబడ్డారు.

"వాళ్ళేనా మనుషులు? మేం ఆ బోరింగు నీళ్ళు తాగమా?"

"నాకు టైమవుతోంది పెదనాన్నా!"

"టైముని కూడా రానీ. అదీ కూర్చుని తింటుంది."

వేరుశనగ పులుసు, బెండకాయ జిగురు పులుసు, మళ్ళీ సంకటి, మళ్ళీ పులుసు. ఎక్కడా పూర్తిగా తినలేదు, ఎక్కడా వదల్లేదు. పదకొండు ఇళ్ళయ్యేసరికి మూటలో ఒక్క కోలా మిగిలింది, బజుమానా నడుముకి కట్టిన తాడు వదులు చేయాల్సి వచ్చింది. ఊరి ఆ చివర కార్ఫా తన తమ్ముడి పందిట్లో కనిపించిన క్షణంలోనే జుమ్మా అజాన్ వినిపించింది.

బజుమానా నేల మీద కూలబడ్డాడు. ఇంకేం బడారా, ఇంకేం మాఫాతా. ఆ పిల్ల అప్పుడే సూదిలో దారం ఎక్కిస్తూ ఉంటుంది.

"అట్లా ఉన్నావేంరా?" అన్నాడు కార్ఫా.

"ఏం లేదు తాతా. ఇదొక్కటే మిగిలింది. దాచుకుని ఏం చేసుకోను? తిను."

కార్ఫా గింజ విరిచాడు. పక్కన చాప మీద ఎవరో ముఖాన గుడ్డ కప్పుకుని పడుకుని ఉన్నారు. "అతిథికి ముందు" అంటూ ఓ ముక్క ఆ చేతిలో పెట్టాడు. చెయ్యి గుడ్డ కిందికి వెళ్ళింది. కరకరమని నమిలిన చప్పుడైంది. తర్వాత ఆ మనిషి పొట్ట పట్టుకుని లేచి కూర్చున్నాడు.

ఫుసేనీ.

మంగళవారం కార్ఫా తమ్ముడి ఇంటికి పరామర్శకొచ్చాడు పాపం. ఆ ఇంటికీ కార్ఫాయే పెద్ద కాబట్టి రోజూ పొద్దున్నే అతన్నే దారి అడుగుతున్నాడు. రోజూ కార్ఫా వచ్చి "రేపు చూద్దాం" అంటున్నాడు. ఈరోజు కూడా కార్ఫా అందుకే తెల్లారకముందు బయల్దేరి, దారిపొడుగునా పలకరింపులయ్యేసరికి ఈ వేళకి చేరాడు.

"నువ్వేంటిక్కడ?" అన్నాడు ఫుసేనీ. "మీ కోలా మా ఇంటికి పంపావా?"

బజుమానా అతని దవడ వైపు చూశాడు. "ఇప్పుడు మీరు తిన్నదే మావయ్యా."

ఫుసేనీ దవడ ఆగిపోయింది. "చెల్లదు! నా గడప దాటి లోపలికి రావాలి!"

"గడప దాటి నీ నోట్లోకే కదా పోవాల్సింది" అన్నాడు కార్ఫా. "నేరుగా నోటికే వచ్చింది. నడక తప్పింది."

"నమాజు వేళ దాటింది!"

"అజానే అయింది. నమాజు కాలేదు."

"ఒక్కటంటే ఒక్క గింజా? దర్జీ నలభై ఇస్తానన్నాడు. సాక్ష్యం ఎవరు?"

"మిగతా పదకొండూ ఈ ఊరు తినేసింది మావయ్యా" అన్నాడు బజుమానా దీనంగా.

కార్ఫా వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "అయితే పదకొండు ఇళ్ళు సాక్ష్యం. ఇంకేం కావాలి? పిల్లనిచ్చినట్టేనా, లేకపోతే ఆదివారం దాకా ఉండి నింపాదిగా మాట్లాడుకుందామా? కదియతు నీకోసం ఇంకో గిన్నికోడిని కట్టేసింది కూడా."

ఫుసేనీ గిన్నికోడి మాట విని పొట్ట తడుముకున్నాడు. "ఇచ్చాను" అన్నాడు. "పిల్లనిచ్చాను. నాకు దారివ్వు."

నమాజయ్యాక కార్ఫా ఇద్దరికీ సగం దారి ఇచ్చాడు. మామా అల్లుడూ ఒకే బండి మీద, మధ్యలో కదియతు ఇచ్చిన బతికున్న గిన్నికోడితో బడారా వెళ్ళిపోయారు. పెళ్ళి మూడు వారాలకి పెట్టుకున్నారు.

పెళ్ళి రోజు పొద్దున్నే, సిందాలలో బోరింగు చెడిపోయిందని కబురొచ్చింది.