తొలి ముద్ద

వకుళా, ప్రణీత్, రేపు పెద్దవీధి జాతరకి మొదటిసారి వెళ్తున్నారు కదా, ముందు నాకొక ప్రశ్నకి జవాబు చెప్పండి. ఒంటికి నూనె పట్టించుకోండి రంగు అంటదు, పాత చెప్పులు వేసుకోండి, తప్పిపోతే గడియారం స్తంభం దగ్గర నిలబడండి అని పొద్దుటినుంచి చెబుతూనే ఉన్నాను. అలా సలహా చెప్పేవాళ్లు ఎదురైతే ముందుగా వాళ్లలో ఏం చూడాలి? అరవకూడదు, చెయ్యెత్తి చెప్పాలి. తెలియదా? సరే, ఈ సూదిలో దారం ఎక్కించి ఇటివ్వండి. మీ చొక్కా జేబులకి గుండీలు కుడుతూ చెబుతాను.

ఒక పెద్ద అడవిలో ఏటా తొలకరి పడగానే బురద జాతర జరిగేది. అడవి మధ్యలోంచి ఏనుగులు నడిచే బాట ఉంటుంది. అడవికి అదే పెద్దవీధి. వాన పడితే అది మోకాలిలోతు బురద. వడ్రంగిపిట్టలు బోలు దుంగల మీద దరువు వేస్తాయి. ఎలుగుబంట్లు చిందులు తొక్కుతాయి. కోతులు పైనుంచి మగ్గిన పళ్లు విసురుతాయి. ఎవరు ఎవరి మీద బురద చల్లారో అడిగేవాడుండడు. ఆ పూట పులీ జింకా ఒకటే రంగు.

ఇంత అల్లరిలోనూ ఒక పద్ధతి ఉంది. గుర్తు పెట్టుకోండి, తర్వాత అడుగుతాను. జాతరకి ఎప్పుడూ రాని కొత్త మొహం మీద ఏనుగు పెద్దమ్మ తొలి ముద్ద విసరాలి. అది పడేదాకా దరువు మొదలవదు. పడ్డవాళ్లే ఊరేగింపుకి ముందు నడవాలి. వాళ్లని దాటి ఎవరూ ముందుకి పోకూడదు.

ఆ అడవికి అవతల, కొండ మీద చెరువులో నిదానమ్మ అనే తాబేలు ఉండేది. చిన్నప్పటినుంచి ఆవిడకి ఒకటే కోరిక, బురద జాతరలో ఒక్కసారైనా నిలబడాలని. ఏటా తొలి ఉరుము వినగానే బయల్దేరేది. వచ్చేసరికి ఏముంటుంది? ఎండి పెచ్చులు కట్టిన బురద, ఈగలు ముసిరిన పండ్ల తొక్కలు, గొంతులు పోయి ఇళ్లకి మళ్లుతున్న జనం.

"అయ్యో అత్తా, ఇప్పుడే అయిపోయింది!" అనేవాళ్లు.

ఎవరి నోట విన్నా అదే మాట. తిరిగి కొండ ఎక్కుతూ ఆవిడ ఆ తొక్కల వాసన తలుచుకునేది. ఒళ్లు పెద్దదవుతోంది, కొండ ఏటికేడాది ఎత్తవుతున్నట్టుంది. ఈసారి కూడా తప్పిపోతే మళ్లీ రాగలనో లేదో అన్న బెంగ పట్టుకుంది.

అందుకని ఈ ఏడు ఉరుము కోసం ఆగలేదు. చీమలు గుడ్లు నోట కరుచుకుని గట్టెక్కుతుండగానే బయల్దేరింది. జాతరనాడు తెల్లారేసరికి వీధి మొదట్లో ఉంది. బురద తడితడిగా మెరుస్తోంది. నిదానమ్మ గుండె దరువు కంటే ముందే కొట్టుకోవడం మొదలుపెట్టింది.

కాలు లోపల పెట్టబోయిందో లేదో, "ఆగండి! మొదటిసారా?" అంటూ ఒక చిలుక ఎదురొచ్చి వాలింది.

"అవునమ్మా, మొదటిసారే," అంది నిదానమ్మ మురిసిపోతూ.

"అయితే ఇటు!"

వీధి పక్కన కొత్తగా తాటాకు పాక. దాని ముందు 'ప్రథమ సందర్శకుల సలహా సంఘం' అని రాసిన పలక. ఈ పాక ఎలా వెలిసిందో చెప్పాలి మీకు.

కిందటేడు ఒక పెద్దింటి జింక చెవిలో బురద పడింది. అది సింహం సభలో పెద్ద గొడవైంది. వెంటనే గుర్నాథం అనే గుంటనక్క లేచి నిలబడ్డాడు. "ప్రభూ! కొత్తవాళ్లకి ముందే తగిన సలహాలిస్తే ఇలాంటివి జరగవు. నాకు ఒక సంఘం ఇప్పించండి. ఈసారి ఒక్క కొత్త మొహం మీద కూడా చుక్క పడనివ్వను. మాట నిలబెట్టుకుంటే నన్ను మంత్రిని చెయ్యండి," అన్నాడు.

సింహం ఆవలించింది. ప్రభువులు నోరు తెరిచారు కాబట్టి ఆమోదించినట్టేనని చిలుక చేత రాయించేశాడు గుర్నాథం. చిలుక కార్యదర్శి అయింది. నిలబడటంలో నేర్పరి అని ఒక కొంగని నిపుణుడిగా పెట్టుకున్నాడు. సంఘానికి కావలసింది ఇంకేముంది? పాక లేచింది.

లోపల కొత్తవాళ్లందరూ బారులు తీరి కూర్చున్నారు. చెంగి అనే కుందేలు పిల్ల నిదానమ్మని చూసి జరిగి చోటిచ్చింది.

"మీరూ దొరికిపోయారా అత్తా? నేను చీకటితో వచ్చి ఇక్కడే పడున్నాను. పాదాలు తిమ్మిరెక్కాయి."

"నిశ్శబ్దం!" అన్నాడు కొంగ, ఒంటికాలి మీద. "ఎక్కడ నిలబడాలో వినండి. దరువుకి దూరంగా, గట్టుకి దగ్గరగా, ఎండ తగలని చోట, చెట్టు కింద మాత్రం కాకుండా."

"చెట్టు కింద కాకుండా నీడ ఎక్కడుంటుందండీ?" అంది చెంగి.

"ప్రశ్నలు చివర్లో."

చిలుక అందుకుంది. "తెల్లగా రాకండి! మరకలు పడితే వదలవు!"

"నేను పుట్టడమే తెల్లగా పుట్టానే!"

"మీ ఇంట్లో పెద్దవాళ్లు ముందే చూసుకోవలసింది," అని చిలుక నిదానమ్మ వైపు తిరిగింది. "విలువైన వస్తువులు ఇంట్లో పెట్టి రండి!"

"నా ఇల్లు నా వీపు మీదే ఉందమ్మా," అంది నిదానమ్మ.

చిలుక గతుక్కుమని గుర్నాథం వైపు చూసింది. ఎత్తు బల్ల వెనక కూర్చున్న గుర్నాథం గొంతు సవరించుకున్నాడు. "అయితే ఇంటిని బయట పెట్టి లోపలికి రావాలి. నియమం నియమమే."

"తప్పిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోండి!" అంది చిలుక.

"నేను ఒక్కదాన్నే వచ్చాను తల్లీ."

"ముందు ఎవరితోనైనా కలవండి. ఆ తర్వాతే తప్పిపోండి. ఇంకొకటి, బురదలో పరుగెత్తకూడదు, జారతారు. మీకే చెబుతున్నాను తాబేలమ్మగారూ, ముఖ్యంగా మీరు పరుగెత్తకండి!"

చెంగి రెండు చెవులూ నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంది.

ఆ తర్వాత గుర్నాథం బల్ల దిగి వచ్చి స్వయంగా నేర్పాడు. "బురద వస్తోందని అరవగానే మెడ ఇలా లోపలికి లాక్కోవాలి. చూశారా? ఏదీ, మీరు చెయ్యండి." తాబేలుకి తల దాచుకోవడం నేర్పుతున్నాడు నాయనా నక్క! పెద్దవాడు కదా అని నిదానమ్మ మర్యాదగా తల లోపలికి లాక్కుని, మళ్లీ బయట పెట్టింది.

"పర్వాలేదు. సాధన చేస్తే వస్తుంది," అన్నాడు గుర్నాథం.

ఎండ పైకొచ్చింది. సలహాలు సాగుతూనే ఉన్నాయి. పాక సందులోంచి నిదానమ్మ వీధి వైపు చూసింది. బురద అంచులు అప్పుడే తెల్లబడుతున్నాయి. ఆ రంగు ఆవిడకి బాగా తెలుసు. ఏటా వచ్చి చూసేది ఆ రంగునే.

"బాబూ, మమ్మల్ని లోపలికి ఎప్పుడు పంపుతారు?"

"లోపలికా? దేనికమ్మా?" గుర్నాథం నవ్వాడు. "సలహాలన్నీ విన్నవాళ్లకి మోదుగాకుల దండ వేసి 'అనుభవజ్ఞులు' అని పంపేస్తాం. దండ మెళ్లో వేసుకుని హాయిగా ఇంటికి వెళ్లండి. జాతర చూసినట్టే."

"చూసినట్టు నాకెందుకు బాబూ? చూడాలని కొండ దిగి వచ్చాను."

"అందరూ మొదట్లో అలాగే అంటారు."

నిదానమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. తోక కుచ్చు దువ్వినట్టుంది. కాళ్లు తళతళలాడుతున్నాయి. పక్కన కొంగ సంగతి సరేసరి.

"మీరు మొదటిసారి జాతరకి వెళ్లినప్పుడు బురద ఎక్కడ పడింది బాబూ?" అని అడిగింది. ఎత్తిపొడుపేం కాదు, నిజంగా తెలుసుకోవాలనే.

గుర్నాథానికి దగ్గొచ్చింది. "మేం... మేం ఏర్పాట్లు చూసేవాళ్లం అమ్మా. ఏర్పాట్లు చూసేవాళ్లకి వెళ్లే తీరిక ఎక్కడుంటుంది?" కొంగ ఉన్నట్టుండి రెక్క ఎత్తి ఈకలు సర్దుకోవడంలో పడ్డాడు.

అక్కడ వీధిలో ఏం జరుగుతోందో చూద్దాం. ఏనుగు పెద్దమ్మ తొండం నిండా తొలి ముద్ద పట్టుకుని పొద్దుటినుంచి నిలబడి ఉంది. ఎటు చూసినా పాత మొహాలే. వడ్రంగిపిట్టలు ముక్కులు దుంగల మీద ఆనించి కాచుకున్నాయి. ఎలుగుబంట్లు చిందుకి ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి అలిసిపోయాయి.

"ఈ ఏడు అడవిలో కొత్తవాళ్లే పుట్టలేదా?" అని గసిరింది పెద్దమ్మ.

"పుట్టారు పెద్దమ్మా, అందర్నీ ఆ పాకలో కూర్చోబెట్టారు!" అన్నాయి కోతులు చెట్ల మీదినుంచి.

అంతే. జాతర జాతరంతా పాక మీదికి కదిలింది.

"ఏమయ్యా గుర్నాథం, బురద ఎండిపోతోంది. ఒక్క కొత్త మొహాన్ని ఇవ్వు, చాలు," అంది పెద్దమ్మ.

"వీల్లేదు! ఇంకా సగం సలహాలు మిగిలే ఉన్నాయి. పైగా ఒక్క చుక్క పడనివ్వనని ప్రభువులకి మాటిచ్చాను!"

చెంగి ఎగిరి బల్ల మీద కూర్చుంది. "పెద్దమ్మా, వెతుక్కోవడం దేనికి? ఇక్కడున్నవన్నీ కొత్త మొహాలే. ఈ అధ్యక్షులవారిది మరీ కొత్తది. ఒక్కసారీ జాతరలో అడుగు పెట్టలేదట, ఇప్పుడే తాబేలత్తతో అన్నారు!"

జనం గుర్నాథాన్ని చూశారు. తళతళలాడే ఆ కాళ్లని చూశారు. ముందు ఒక కోతి కిసుక్కుమంది. ఆ తర్వాత అడవి అడవంతా పగలబడి నవ్వింది.

"అనుభవం లేకుండానే సలహాలెలా ఇస్తున్నానంటారు?" అని అరిచాడు గుర్నాథం.

"మేమూ అదే అడుగుతున్నాం నాయనా," అంటూ పెద్దమ్మ తొండం ఎత్తింది.

"తలలు దించండి!" గుర్నాథం అలవాటు కొద్దీ కేకేశాడు. పొద్దుటినుంచి నేర్చుకున్నవాళ్లు కదా, కొత్తవాళ్లందరూ ఠక్కున తలలు దించేశారు. చిలుక బల్ల కింద దూరింది. కొంగ ఎగిరిపోయాడు. పాకలో అన్నిటికంటే గట్టి చాటు ఏదా అని చూసి, గుర్నాథం ఒక్క గెంతున నిదానమ్మ చిప్ప వెనక నక్కాడు.

నిదానమ్మ సంగతి చూడండి. ఆకు కదిలితే తల దాచుకోవడం పుట్టుకతో వచ్చింది ఆవిడకి. మెడ అప్పటికే సగం లోపలికి వెళ్లిపోయింది. లోపల చీకటి. ఎప్పుడూ ఉండే చీకటే, భయం లేని చోటే. ఆ చీకట్లో ఆవిడ ముక్కుకి ఎక్కడిదో ఎండిన తొక్కల వాసన తగిలింది.

నిదానమ్మ మెడ బయటికి చాచింది. ఇంకా చాచింది. అంత పొడుగు మెడ తనకుందని ఆవిడకే తెలియదు.

థప్!

తొలి ముద్ద నడినెత్తిన పడి, ముక్కు మీదుగా జారి, నాలుక మీదికొచ్చింది. చల్లగా ఉంది.

"పడింది!" అని అడవి అరిచింది. దుంగలు మోగాయి. ఆ అదురుకి పాక కూలింది. పలక తొక్కుళ్లలో మాయమైంది. నిదానమ్మ ఊరేగింపుకి ముందు నిలబడి మొదటి అడుగు వేసింది.

ఇప్పుడు చెప్పండి, ఆవిడ వెనకే ఎవరున్నారు? చిప్ప చాటున దాక్కున్న గుర్నాథం. ముందుకి పరుగెత్తుదామంటే తొలి ముద్ద పడ్డవాళ్లని దాటకూడదు. పక్కలకి తప్పుకుందామంటే ఇటూ అటూ ఏనుగులు. వెనక అడవంతా ఉంది, ప్రతి చేతిలో ఒక ముద్దతో. పై నుంచి మగ్గిన పనసతొనలు.

"తాబేలమ్మా, కాస్త త్వరగా నడవండి తల్లీ! మీకు పుణ్యముంటుంది!" అని ఏడ్చాడు గుర్నాథం.

"అయ్యో, బురదలో పరుగెత్తకూడదు బాబూ," అంది నిదానమ్మ వెనక్కి తిరక్కుండానే. "జారతారని మీవాళ్లే చెప్పారు. ముఖ్యంగా నాకు."

ఏటా మధ్యాహ్నానికే ముగిసే జాతర ఆ ఏడు పొద్దు గుంకేదాకా నడిచింది. ఎలుగుబంట్లు తెలిసిన చిందులన్నీ అయిపోయి కొత్తవి కట్టుకున్నాయి. తెల్లటి చెంగి ఏ రంగులోకి మారిందో వాళ్లమ్మే గుర్తుపట్టలేదు. వీధి చివర నిలబడి నిదానమ్మ మొట్టమొదటిసారిగా ఒక మాట అంది. "అయ్యో, అప్పుడే అయిపోయిందా?"

గుర్నాథం ఆ బురదతోనే సింహం దగ్గరికి వెళ్లి మంత్రి పదవి అడిగాడు. సింహం అతన్ని ఆనవాలు పట్టలేదు. ఆవలించింది. ఈసారి ఆ ఆవలింతకి అర్థం చిలుకే రాసుకుంది. సంఘం రద్దు. జరిగినదాని మీద విచారణ. విచారణ సంఘానికి అధ్యక్షుడు కొంగ, ఒంటి మీద మచ్చ లేని పెద్దమనిషి కదా మరి.

కాబట్టి పిల్లలూ, జాతరలో సలహాలన్నీ శ్రద్ధగా వినండి, చెప్పేవాడి కాళ్లు చూడండి, శుభ్రంగా ఉంటే మొదటి ముద్ద అటే విసరండి.

ఏమిటి వకుళా, చెయ్యెత్తావు? నేను ఇన్నేళ్లలో ఎప్పుడైనా పెద్దవీధి జాతరకి వెళ్లానా అనా? నా కాళ్లకేసి చూస్తావేమే, గడుగ్గాయీ!

మంచి ప్రశ్న. దానికి మార్కులిస్తాను గానీ, ముందు నన్ను లేవనివ్వండి. మీ గుండీలు కుట్టడం అయింది. ఇంకో పని మిగిలిపోయింది. పెట్టెలో ఆ పాత నీలం చీర అంచు ఊడిపోయి ఉంది. అది కుట్టుకోకపోతే రేపు మీతో నేనేం కట్టుకుని రావాలి?