కేక ఆలస్యమైన అడవి

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న పత్రిక ఉండేది. పత్రిక అంటే ఒక టేకాకు. శూలపాణి అనే ముళ్లపంది దాని మీద తన ముల్లుతోనే అక్షరాలు పొడిచేవాడు. వాన ఎప్పుడు పడుతుంది, ఇప్పపూలు ఏ పక్క రాలుతున్నాయి, అన్నీ ఇలాంటి వార్తలే. ఇరవై ఆకులు రాస్తే పదిహేను మిగిలేవి. ఆ పదిహేనూ తనే నమిలేసేవాడు.

ఒకనాడు వాగు దగ్గర చిరుత ఒక దుప్పిని చంపింది. "దుప్పి మృతి" అని రాస్తే ఎవరూ తిరిగి చూడలేదు. మర్నాడు శూలపాణి పంటిగాటు ఎక్కడ పడిందో, మెడ ఎముక ఎలా విరిగిందో, కళ్లు ఎప్పుడు తేలేసిందో పూసగుచ్చినట్టు రాశాడు. పొద్దెక్కేసరికి ఒక్క ఆకు మిగల్లేదు.

"రాత్రంతా కంటి మీద కునుకు లేదయ్యా," అంది కుందేలు చెవులమ్మ వణుకుతూ.

"అయ్యో, ఇక అలాంటివి రాయనులే."

"రాయవా? మరి రేపు నేనేం చదవను?"

శూలపాణి బుర్రలో లెక్క కుదిరింది. నెత్తురు కారితే పదిమంది పాఠకులు. పేగులు బయటపడితే ముప్పై మంది.

చిక్కల్లా చావులు చాలకపోవడమే. కొండముచ్చు కొమ్మయ్య చెట్టు చివర కూర్చుని, చిరుత తోక కనబడగానే కేక వేసేవాడు. అది విని అందరూ పారిపోయేవారు. తాతలనాటి కట్టుబాటు అది.

"మరీ తొందరపడుతున్నావు కొమ్మయ్యా," అన్నాడు శూలపాణి. "నిన్ను విలేకరిగా వేసుకుంటున్నా. ఆకు మీద నీ పేరే ముందుంటుంది."

"మరి కేకో?"

"వద్దని ఎవరన్నారు? పూర్తిగా చూశాక వెయ్యి."

అలా కేక ఆలస్యమైంది. ఆకులు మూడు వందలు దాటాయి. కొందరు పాఠకులు వార్తల్లోకి వెళ్లిపోయారు గానీ, మిగిలినవాళ్లు రెండేసి తీసుకెళ్లి ఆ లోటు పూడ్చారు. చెవులమ్మ వణకడం మానేసింది.

"ఈసారి చప్పగా ఉంది," అనేది ఆకు తిరగేస్తూ. "మొన్న కాలేయం గురించి రాశావు చూడు, అదీ రాతంటే."

చిరుత కూడా చదివేది. ఒకప్పుడు ముక్కులో ముల్లు దిగిన జ్ఞాపకం ఉండటంతో దూరంగానే నిలబడి, "ఎడమ పక్క కరిచానని రాశావేమోయ్? కుడి పక్క. సవరణ వెయ్యి," అంది.

"తప్పకుండా దొరా," అన్నాడు శూలపాణి.

అంతలో శూలపాణి చెల్లెలు ఏడుస్తూ వచ్చింది. కొండ అవతల ముసలి చిరుత ఒకటి ఆమె మొగుణ్ణి చంపేసిందట. శూలపాణి ఆమెను ఓదార్చాడు. కన్నీళ్లు తుడిచాడు. తర్వాత మెల్లగా, "బావను ముందు ఎక్కడ కొట్టింది?" అని అడిగాడు.

చెల్లెలు చెప్పింది. చెబుతూ చెబుతూ ఆగిపోయింది. "ఇది రాయకు అన్నా. మన పొట్ట మీద ముళ్లుండవని అడవంతా చాటుతావా?"

"పాఠకుల దగ్గర దాచకూడదమ్మా," అన్నాడు.

ముఖం మీద కొట్టడం, వెల్లకిలా తిప్పడం, ముళ్లు లేని పొట్ట మీద గోరు దించడం, అన్నీ వరసగా రాశాడు. ఏ ఆకూ అంతగా పోలేదు. చిరుత దాన్ని రెండుసార్లు చదివింది.

కొన్నాళ్లకు శూలపాణి వాగులో నీళ్లు తాగుతుంటే చిరుత ఎదురొచ్చింది. అలవాటుగా ముళ్లు నిక్కబొడిచి వీపు చూపించాడు. చిరుత తాపీగా చుట్టూ తిరిగి ముఖం వైపు వచ్చింది.

శూలపాణి పైకి చూశాడు. కొమ్మ మీద కొమ్మయ్య, రెప్ప వెయ్యకుండా.

"కేక వెయ్యరా కొమ్మయ్యా."

"ఉండండి సార్. ఇంకా తిప్పలేదు."

అవతలి గట్టున పాఠకులు గుమిగూడారు. "కాస్త జరగండమ్మా, పిల్లలకు కనబడట్లేదు," అంటోంది చెవులమ్మ.

పనయ్యాక కొమ్మయ్య నిండుగా ఒక కేక వేశాడు.

మర్నాడు ఆకు కూడా వాడే తెచ్చాడు. చెవులమ్మ చివరిదాకా చదివి పెదవి విరిచింది. "సంగతులన్నీ ఉన్నాయి గానీ, రుచి లేదు. ఇదే చావు శూలపాణిగారు రాసి ఉంటేనా."

ఈ కథ వల్ల తేలిన నీతి: పరాయివాళ్ల చావు ఎంత వివరంగానైనా రాయవచ్చు, సొంతవాళ్ల చావు దగ్గర మాత్రం క్లుప్తంగా ముగించాలి.